నాకు కోపం రాని ఇరవై ఆరు రోజులు

మా అమ్మాయి నా పక్కన కారు నడపనని చెప్పిన నెలలోనే నేను ఆధ్యాత్మికంగా ఎదిగానని నాకు తెలిసింది.

అమ్మాయికి పదిహేడేళ్లు. చేతిలో పర్మిట్ ఉంది. కానీ పక్క సీట్లో లైసెన్సున్న పెద్దమనిషి లేకుండా కారు తీయకూడదు. ఆ పెద్దమనిషి హోదాలో నేను ఒకరోజు సూపర్ మార్కెట్ పార్కింగ్ లాట్‌లో, ఇంకా ఎంతో దూరంలో ఉన్న షాపింగ్ కార్ట్‌ను చూసి ఒక కేక వేశాను. కార్ట్ తోసుకుంటూ వస్తున్న ఆవిడ రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయింది. ఆనాటి నుంచి పెద్దమనిషి ఉద్యోగం మా ఆవిడకు వెళ్లిపోయింది.

ఇక ఎదుగుదల సంగతి. మేముండే పార్సిప్పనీ ఊళ్లో మాకు వేదాంతం ఒక మిత్రుడి బేస్‌మెంట్‌లో దొరుకుతుంది. ప్రతి ఆదివారం అందరం మెట్లు దిగి, పైకి ఎదుగుతుంటాం. పాఠం చెప్పే మాస్టారు రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. ఎదుగుతున్నామని తెలిసేదెలా అని ఎవరో అడిగితే ఆయన చాలా తేలిగ్గా చెప్పారు. "కోపం ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది, పోయాక దాని గురించి ఎంతమందికి చెప్పుకున్నారు, ఇవి చూసుకుంటూ ఉండండి నాయనా. తగ్గుతుంటే మంచిదే."

చూసుకోండి అంటే ఊరికే చూసి ఊరుకునే జాతి కాదు మాది. అందరం సాఫ్ట్‌వేర్ వాళ్లం. సోమవారానికల్లా ఒక షీట్ తయారై అందరికీ వచ్చింది. అచ్చం ఆఫీసులో ఏడాదికోసారి నింపే సెల్ఫ్ రివ్యూ లాగే లక్ష్యం, ఆధారం, రేటింగ్, చివర్లో మేనేజర్ కామెంట్స్.

"ఆత్మకి మేనేజర్ ఎవరు, అన్నా?" అని నేను ఫోన్ చేసి అడిగాను.

"ఇంట్లో ఎవరైతే వాళ్లేనే. అందులో డౌట్ ఎందుకు?" అన్నాడు షీట్ చేసినాయన.

ఆఫీసు రివ్యూలో మొహమాటం లేకుండా నన్ను నేను పొగుడుకోవడం ఏళ్లుగా అలవాటైన విద్య. అది ఇక్కడ అక్కరకొచ్చింది. వరసగా ఇరవై ఆరు రోజులు కోపం గడిలో సున్నా వేశాను. సున్నాలో పూర్ణం కనిపించడం మొదలైంది. స్థితప్రజ్ఞుడు అని రాసుకోవడానికి చెయ్యి రాక, 'అంచనాలకు మించి' అని రేటింగ్ ఇచ్చుకుని, శనివారం ఉదయం లాప్‌టాప్ మా ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ సూట్‌కేస్ సర్దుకుంటోంది. ఆదివారం ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్లి మళ్లీ శుక్రవారం రాత్రికి గాని రాదు. అమ్మాయి రోడ్ టెస్ట్ శుక్రవారం ఉదయమే. రోడ్డు వార రెండు కార్ల మధ్యకి వెనక్కి దూర్చే పారలల్ పార్కింగ్ ఇంకా పట్టుబడలేదు. నేర్పడానికి నేను తప్ప ఇంట్లో మనిషి లేడు. 'నాన్న అయితే టెస్ట్ కాన్సిల్ చేసుకుంటా' అని అమ్మాయి అప్పటికే తేల్చి చెప్పింది.

మా ఆవిడ షీట్ మొత్తం చదివింది. "ఇరవై ఆరు రోజులు మీకు కోపం రాలేదా?"

"నువ్వే చూశావుగా."

"చూశాను. రాకుండా మేం పడ్డ కష్టానికి ఇందులో కాలమ్ ఏదండీ?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ చీర మడతపెడుతూ చెప్పుకుపోయింది. "గ్యారేజ్ డోర్ ఇరుక్కుపోతే మీరు మీటింగ్‌లో ఉన్నప్పుడు మనిషిని పిలిపించా. మీ తమ్ముడు వాళ్లు పది రోజులుండి పోతామంటే వచ్చే నెల రమ్మన్నా. పిల్లకి మ్యాథ్స్‌లో సి వచ్చింది."

"సి వచ్చిందా?"

"అదిగో," అంది ఆవిడ, తలెత్తకుండానే.

కోపం నాకు రాకపోవడం కాదు, దాన్ని గుమ్మం దగ్గరే ఆపి వెనక్కి పంపుతున్నారు ఇద్దరూ. మా ఇంట్లో తపస్సు వాళ్లది, ఫలం నాది. రేటింగ్ చెరిపేసి అమ్మాయి గది తలుపు తట్టాను. టెస్ట్ మానొద్దని, తను పెట్టే ఏ షరతుకైనా సరేనని చెప్పాను.

వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "నో టాకింగ్. నో ఆ సౌండ్ విత్ యువర్ టీత్. చేతులు నీ లెగ్స్ కింద పెట్టుకోవాలి, నాన్న. ప్రామిస్?"

సోమవారం సాయంత్రం ఖాళీగా ఉన్న ఒక ఆఫీసు పార్కింగ్‌లో రెండు చెత్తడబ్బాలు నిలబెట్టి, వాటి మధ్య కారు పెట్టడం మొదలుపెట్టింది. పక్క సీటంటే సాక్షీభావానికి దేవుడిచ్చిన చోటు. అన్నీ కనిపిస్తాయి, ఒక్కటీ చేతిలో ఉండదు. మొదటి డబ్బా పడిపోయింది. నేను తొడల కింద చేతులు నలిగేలా కూర్చున్నాను.

"నాన్న, నీ సైడ్ బ్రేక్ లేదు."

"తెలుసమ్మా."

"మరి ఎందుకు ప్రెస్ చేస్తున్నావ్?"

కాలు వెనక్కి తీసుకున్నాను. ఆమె దిగి డబ్బా నిలబెట్టి వచ్చి, మళ్లీ రివర్స్ వేసింది. అద్దంలో వెనక్కి చూస్తూ, నా వైపు తిరగకుండా, "పక్కింటి అంకుల్ మెయిల్‌బాక్స్ బెండ్ అయింది కదా. అది నేనే. అమ్మ నీకు చెప్పొద్దంది," అంది.

రోడ్డు వారనుండే ఆ మెయిల్‌బాక్స్ వంచిన వాడెవడో గాని వాడికి బుద్ధిలేదని, పక్కింటాయన ముందు నేను పది నిమిషాలు ప్రసంగించి ఉన్నాను.

"ఎప్పుడు?" అన్నాను. గొంతు ఒక మెట్టు పైకి వెళ్లింది. ఆమె టక్కున కారు ఆపింది.

"సీ? అదే."

"అవును, కోపం వచ్చింది," అన్నాను. "ఉండు, అది పోనీ."

ఇద్దరం కూర్చున్నాం. కోపం ఎంతసేపు ఉందో నేను చూసుకోలేదు. వెళ్లి పక్కింటాయనకు ఇద్దరం కలిసి చెబుదామన్నాను. ఆమె తలూపి, గేరు మార్చి, ఈసారి చాలా నెమ్మదిగా వెనక్కి పోనిచ్చింది. రెండో డబ్బా ఊగింది గాని పడలేదు.

"రేపు కూడా వస్తావా?" అంది.

"వస్తా."

"అయితే ఇంకోటి ఉంది. చెప్పనా?"

"ముందు పార్క్ చెయ్యమ్మా," అన్నాను.