పసుపు సుడి: మొగుడంపల్లి గుట్టల్లో ఒక ఆదివారం

మా రేణుక తీసిన జలపాతం ఫోటో హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కు ఎంపికైందండీ! నిన్న సాయంత్రం ఫోను వచ్చింది. అప్పటినుంచి నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే ఎవరికైనా చెప్పాలని ఉంది. మా ఇంటావిడ ఇప్పటికే సగం వాడకు చక్కెర పంచింది. మిగిలిన సగం వాడకూ, చిన్న చిన్న జలపాతాల ఫోటోలు తీయాలని జహీరాబాద్ వైపు వచ్చే మీకూ కలిపి ఇది రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో ముందు చెబుతాను. రేణుక మా పెద్దమ్మాయి. ఇక్కడే జహీరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పని చేస్తుంది. జీతంలో కూడబెట్టుకుని కెమెరా కొనుక్కుంది. హోరుమనే పెద్ద జలపాతాలు తనకు పట్టవు. మోకాలెత్తు నుంచి దూకే నీళ్లు, రాతి మీద పడిన పండుటాకు, గడ్డిపోచ కొసన మంచుబొట్టు, ఇవే తన లోకం. రెండేళ్లు వరసగా ఆ ఎగ్జిబిషన్‌కు ఫోటోలు పంపింది. రెండుసార్లూ కాదన్నారు. ఈసారి అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా అంది: "నాయినా, ఇదే ఆఖరు. ఇప్పుడు గూడ రాకపోతే కెమెరా అమ్మేస్త. కోహీర్ల ఉండే రాజు బావ అడుగుతుండు. పెండ్లిళ్లకు పనికొస్తదట."

నేను ముద్ద కంచంలో పెట్టేశాను. "ఆదివారం నేను గూడ వస్త బిడ్డా. సామాను మోస్త," అన్నాను.

బతుకమ్మ పండుగ దగ్గర పడిన రోజులవి. మన దగ్గర శరత్కాలమంటే చెట్లన్నీ ఎర్రబడిపోవు. వానలు వెనక్కి తగ్గుతాయి. గడ్డి కొసలు బంగారు రంగుకు తిరుగుతాయి. గట్ల మీద తంగేడు, చేలల్లో గునుగు పూస్తాయి. గుట్టల్లో వాగులు అప్పటికి ఇంకా పారుతుంటాయి గానీ, దసరా దాటితే సన్నబడిపోతాయి. రేణుకకు సెలవు ఆదివారమే. అందుకే ఆ ఒక్క రోజు మీదే మా ఆశంతా.

మా వాడ గౌస్ భాయ్ ఆటో మాట్లాడుకున్నాం. పోయి రావడానికి, అక్కడ ఆగడానికి కలిపి ఎనిమిది వందలు. చీకటి విచ్చుతుండగా జహీరాబాద్ బస్టాండు దగ్గర బయల్దేరి, హైవే దిగి మొగుడంపల్లి దారి పట్టాం. రెండు పక్కలా ఎర్రమట్టి, చెరకు తోటలు, కంది చేలు. ఊరు దాటాక ఇంకో అరగంట. తారు రోడ్డు అయిపోయిన చోట ఆటో ఆపి, వాగు వెంబడి నడవాలి. కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండును నేను భుజాన వేసుకున్నాను.

"ఏం కాకా, పార పట్టుకొని మురికి మోరీ తియ్యవోతున్నవా?" అన్నాడు గౌస్ భాయ్.

"నా బిడ్డకు అసిస్టెంటునయ్యా భాయ్. జర ఇజ్జత్‌తోని మాట్లాడు," అన్నాను.

ఆ చోటు చూస్తే మీరు కూడా నాలాగే నోరు తెరుస్తారు! నీళ్లు రెండు మెట్లుగా దూకుతున్నాయి. పైమెట్టు నా నడుమెత్తు, కిందిది మోకాలెత్తు. రెంటికీ నడుమ వెడల్పాటి ఎర్ర బండ. బండ నిండా పండుటాకులు, గాలికి రాలిన తంగేడు రేకులు. ఎండ ఇంకా గుట్ట దిగలేదు. రేణుక చూసి, "ఇదే నాయినా," అని ఊపిరి వదిలింది. ఎక్కడ నిలబడి తీస్తే బాగుంటుందో చూడటానికి వాగు అవతలికి వెళ్లింది.

నేనేమో ముప్పై ఏళ్లు హైస్కూల్లో అటెండరుగా చేసినవాణ్ని. పెద్దసారు తనిఖీకి వస్తున్నారంటే ముందు నా చేతిలో ఉండేది చీపురే. గ్రూపు ఫోటో రోజు మైదానంలో కాగితం ముక్క కనిపించనిచ్చేవాణ్ని కాదు. హైదరాబాద్‌లో పెద్దవాళ్లు చూసే ఫోటోలో చెత్త ఉంటే మాట పడేది నా బిడ్డే కదా అనుకున్నాను. తంగేడు మండలు నాలుగు విరిచి కట్టగా పట్టుకుని, బండనంతా ఊడ్చి, ఆకులను నీళ్లలోకి నెట్టేశాను. దోసిళ్లతో నీళ్లు చల్లి కడిగాను కూడా. బండ అద్దంలా మెరిసింది.

రేణుక తిరిగొచ్చి నిలబడిపోయింది. "ఆకులేవి నాయినా?"

"సాఫ్ చేసిన బిడ్డా. మంచిగ లేదా?"

"గా ఆకుల కోసమే గదా నాయినా మనం ఇంతదూరం వచ్చింది!"

"పండుగ ముంగట వాకిలి ఊడ్సెటోళ్లను చూసిన గని, జంగల్ ఊడ్సెటోన్ని ఇయ్యాలే చూసిన కాకా," అన్నాడు వెనకే వచ్చిన గౌస్ భాయ్. రేణుక నవ్వలేదు. నేను గబగబా చెట్ల కింద ఆకులు ఏరుకొచ్చి బండ మీద పెట్టబోయాను. "వద్దు నాయినా. పెట్టిన ఆకు పెట్టినట్టే కనపడతది," అని ఒక రాయి మీద కూర్చుంది. తిట్టినా బాగుండేది.

తల దించుకుని నీళ్లకేసి చూస్తే, నేను నెట్టిన ఆకులు ఎక్కడికీ పోలేదు! కిందిమెట్టు పాదాల దగ్గర మడుగులో చేరి, రేకులతో సహా గుండ్రంగా తిరుగుతున్నాయి. "బిడ్డా, జర ఇటు రా. గవి ఈడనే ఉన్నయ్," అన్నాను.

రేణుక వచ్చి చూసింది. స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, దాని కంటికి ముందు నల్లద్దం పెట్టింది. నీళ్లు పాలలా రావాలంటే కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలట. ఎండ తగలకుండా నా తువ్వాలు అడ్డం పట్టుకోమంది. చేతులు పీకుతున్నా కదల్లేదు. చివరికి తెర మీద చూస్తే ఒక్క ఆకూ లేదు! నల్లటి నీళ్ల మీద పసుపు రంగు సుడులు, అంతే. ఉన్న ఆకులు కూడా చెరిగిపోయాయనుకున్నాను. రేణుక కూడా పెదవి విరిచింది.

తిరిగొచ్చేటప్పుడు మొగుడంపల్లిలో జొన్నరొట్టెలు చేసే లక్ష్మమ్మ పూరింట్లో ఆగాం. పుంటికూరతో, అదే గోంగూరతో, ముగ్గురం కడుపునిండా తిన్నా రెండు వందలు దాటలేదు. రేణుక ఒక్కొక్క ఫోటో చూసుకుంటూ తీసేస్తోంది. రొట్టె వేయడానికి వచ్చిన లక్ష్మమ్మ తొంగిచూసి, "ఆగాగు! ఏందిది బిడ్డా, నీళ్లే బతుకమ్మ ఆడుతున్నట్టున్నయ్ గదనే!" అంది. తీసేయబోయిన రేణుక వేలు అక్కడే ఆగింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వింది. "ఇంకో రొట్టె ఎయ్యి అవ్వా," అంది.

ఆ ఫోటోనే పంపింది. నిన్న ఫోనులో వాళ్లు, గోడ మీద ఫోటో కింద రాయడానికి ఏదైనా పేరు చెప్పమన్నారు. నేను పక్కనే ఉన్నాను. "నాయిన ఊడ్చిన ఆకులు," అంది నా బిడ్డ. ముప్పై ఏళ్లు ఎంత చెత్త ఊడ్చానో ఆ దేవుడికి తెలుసు. దానికి ఎవరైనా ఒక పేరు పెడతారని, ఆ పేరులో నేనుంటానని ఎన్నడూ అనుకోలేదు. నీళ్లు అవతలికి మోసుకుపోతాయనుకున్నవి అక్కడే తిరుగుతుంటాయేమో, మనం వంగి చూడాలంతే.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. వానలు ఆగిన కొద్ది రోజులకే, ఎండ గుట్ట దిగకముందే అక్కడ ఉండండి. వెంట నాలాంటి నాన్న ఉంటే స్టాండు మోయించండి గానీ, ఏ చెట్టు కొమ్మా విరవనివ్వకండి.

ఇక నేను లేవాలి. నారాయణఖేడ్‌లో మా అక్కకు చెప్పాలి, వినపడదు కాబట్టి గట్టిగా చెప్పాలి. బీదర్‌లో చిన్నమ్మాయికి, అల్లుడికి. సదాశివపేటలో మా బావమరిదికి. పటాన్‌చెరులో మా తమ్ముడికి, మరదలికి. అందరికంటే ముందు కోహీర్‌లో మా మేనల్లుడు రాజుకు: కెమెరా అమ్మడం లేదు నాయనా, పెళ్లిళ్లకు ఇంకోటి చూసుకో.