గొలుసు పట్టిన ఎమిల్

మా ఊరి కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఎమిల్ వాండర్‌హూఫ్ గొలుసు పట్టేవాడు. ట్రాక్టర్లు బాగుచేయడం అతని జీవనాధారం. శనివారం గొలుసు పట్టడం అతని వ్రతం. నాలుగు ప్రయత్నాలలో జట్టు పది గజాలు ముందుకు సాగాలి, లేకుంటే బంతి ప్రత్యర్థులకు పోతుంది. సందేహం వస్తే, రెండు కర్రల నడుమనున్న పది గజాల గొలుసును మైదానంలోకి తెచ్చి కొలుస్తారు. తెచ్చేటప్పుడు కొలత చెదరకుండా, మైదానపు గీత గొలుసును తాకే చోట క్లిప్పు తగిలించడం ఎమిల్ పని. గొలుసు పట్టేవారు మైదానం అంచున, ప్రత్యర్థి జట్టు ఉండే వైపు నిలవాలి. సొంత జట్టు గెలుస్తున్నా పెదవి కదపరాదు, చప్పట్లు కొట్టరాదు.

యౌవనంలో ఎమిల్ ఆడిన జట్టు చుట్టుపక్కల కళాశాలల కాన్ఫరెన్స్ పోటీలో కిరీటాన్ని ఆఖరి ఆటలో చేజార్చుకుంది. ఆపై అది మా ఊరికి దక్కలేదు. ఆ ఏడు డాల్టన్ ప్రూయిట్ కొత్త కోచ్‌గా వచ్చి తొలి రెండు ఆటలూ ఓడాడు. మంగలి దుకాణంలో అతన్ని ఉతికి ఆరేశారు. అయినా ప్రతి ఆటకు ముందు ఆటగాళ్లతో మైదానం దాటి వచ్చి, గొలుసు పట్టేవారితో పేరుపేరునా చేతులు కలిపేవాడు. మూడవ ఆట మొదలు జట్టు ఓటమి ఎరుగలేదు.

కిరీటం తేల్చే ఆటలో, ముగింపు సమీపిస్తుండగా, మనవాళ్లు మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు. ఒక ఆటగాడు గుంపును చీల్చుకొని చాలా దూరం పరుగెత్తాడు. ఎమిల్ చేతులు అతనికి తెలియకుండానే చప్పట్లు చరిచాయి. క్లిప్పు గడ్డిలో పడింది.

"ఏం తాతా, ఎవరి గొలుసు పట్టావు?" అన్నాడు పక్కనున్న ప్రత్యర్థి ఆటగాడు.

ముందు కర్ర పట్టే వెర్న్ నవ్వు ఆపుకున్నాడు. "ముసలోడా, ఇన్నేళ్లకి నీకూ చేతులున్నాయని తెలిసింది!"

గొలుసును కొత్త చోటికి జరిపాక, సిగ్గుతో ఎమిల్ క్లిప్పును గీత చూడకుండానే తగిలించాడు. చూసుకునేలోగా ఆట సాగింది. కొలత అవసరం రాకూడదని మనసులో ప్రార్థించాడు.

మనవాళ్ల నాలుగవ ప్రయత్నంలో బంతి మనుషుల కుప్ప కింద ఆగింది. రెఫరీ గొలుసు తెమ్మన్నాడు. సాగదీస్తే బంతి కర్రను వేలెడు దాటింది. జనం లేచి నిలిచారు.

"అయ్యా, ఆగండి," అన్నాడు ఎమిల్. "క్లిప్పు సరిగ్గా పెట్టలేదు. తప్పు నాదే."

"ఇప్పుడా చెప్పేది, పెద్దాయనా?" అన్నాడు రెఫరీ.

వెర్న్ పళ్లు కొరికాడు. "నోరు మూసుకోరా ఎమిల్, ఊరు ఊరంతా చూస్తోంది!"

వెనుక కర్ర నిలిచిన చోట నేలమీద గుర్తుగా వేసిన గుడ్డ ఉంది. అక్కడికి తిరిగి వెళ్లి, క్లిప్పును గీతకు సరిచేసి మళ్లీ కొలిచారు. బంతి బెత్తెడు తగ్గింది. అది ప్రత్యర్థుల పాలైంది. తన వైపు కురిసిన కేకలను తలవంచుకొని విన్నాడు ఎమిల్. ఒకప్పుడు తాను పోగొట్టుకున్నదాన్ని ఈ పిల్లల చేతినుండి తానే లాగివేశానేమోనని అతని గుండె బరువెక్కింది.

ప్రత్యర్థులు గజం గజంగా ముందుకు వచ్చారు. వారు చివరిసారి విసిరిన బంతి మనవాడి చేయి తగిలి నేలరాలింది. ఆట ముగిసింది, కిరీటం మన ఊరికి దక్కింది.

కోచ్ మైదానం దాటి వచ్చాడు. ఎమిల్ టోపీ తీశాడు. "డాల్టన్, నేను చప్పట్లు కొట్టాను. వచ్చే ఏడు ఇంకెవరినైనా చూసుకో."

"ఇంకెవరో ఎందుకు? ముందు క్లిప్పు జేబులో వేసుకొని కొట్టవయ్యా బాబూ," అన్నాడు కోచ్.

ఎమిల్ క్లిప్పును వెర్న్ చేతిలో పెట్టాడు. తన పని ముగిసినట్టేనా, కర్రలు నేలమీద పడుకోబెట్టారా లేదా అని ఒకసారి చూసుకున్నాడు. అప్పుడు తనివితీరా చప్పట్లు కొట్టాడు.