గోల్‌కు వీపు పెట్టి నిలబడే మా మేడం

మంగళవారం పొద్దున ఎల్బీ నగర్ మెట్రో మెట్లెక్కుతుంటే మా జట్టులోని రెండో గోల్‌కీపర్ ఫోన్ చేసింది. "అక్కా, మేడం లేరంట. తెల్లారుజామున గుండె ఆగిపోయిందంట," అంది. "ఏ మేడం?" అని అడిగాను. ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మాకున్నది ఒక్కరే మేడం. ముందురోజు సాయంత్రం సరూర్‌నగర్ గ్రౌండ్‌లో నా బ్యాగులోంచి అరటిపండు తీసుకుని తిన్న మనిషి తెల్లారేసరికి లేకపోవడమేమిటి?

మేడం ఒకప్పుడు హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్. మోకాలు పోయాక కోచ్ అయ్యారు. మీరు నమ్మరు గానీ, కొత్తలో కోర్టు గీత బయట నిలబడి, బాల్ వచ్చినప్పుడల్లా తనే చేతులూ కాళ్లూ చాచి ఎగిరేవారు. గోల్‌లో ఉన్న నేను బాల్ వదిలేసి ఆవిడను చూసేదాన్ని. అలాగే ఒక ఫైనల్ పోగొట్టుకున్నాం. ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగాక మిర్చీబజ్జీలు ఇప్పించి, "తప్పు నాదే బిడ్డా. గోల్‌ల నువ్వున్నవ్, నేను గూడ ఉన్న. ఒక్క గోల్‌ల ఇద్దరం ఎట్ల పడ్తం?" అన్నారు.

ఆ తర్వాత ప్రాక్టీసులో పెనాల్టీ వేసిన ప్రతిసారీ గోల్‌కు వీపు పెట్టి నిలబడేవారు. చప్పుడు వినే చెప్పేవారు: "పిక్కకు తగిలింది. చెయ్యి లేటయింది." ఎప్పుడూ తప్పేది కాదు. "చూస్తే మల్ల నేనే కీపర్‌నైత. అందుకే జూడ," అనేవారు.

ఆరు నెలలుగా నా భుజం పైకి లేవడం లేదు. నేను దాస్తున్నాను, ఆవిడకు తెలుసు. సోమవారం అరటిపండు తింటూ, రెండో కీపర్ వైపు చూపించి అడిగారు.

"గా పిల్లను గోల్‌ల నిలబెట్టి, నువ్వు నేర్పరాదు?"

నాకు ఒళ్లు మండింది. ఇంకో సీజన్ ఆడతానన్నాను.

"సరే తియ్, ఆడు. రేపు మాట్లాడుదం," అన్నారు. నేను పోయొస్తానని కూడా చెప్పకుండా బస్సెక్కాను. ఆ ఒక్క మాట నోట్లోనే ఉండిపోయింది.

నిన్న ఎవరూ రమ్మనకపోయినా జట్టంతా గ్రౌండ్‌కు వచ్చింది. రెండో కీపర్‌ను గోల్‌లోకి పంపాను. మేడం నిలబడే చోటే నిలబడి వీపు తిప్పాను. బాల్ వేశారు. చప్పుడైంది. చేతిదో కాలిదో నాకు తెలియలేదు.

"దేనికి తగిలిందక్కా?" అని వెనక నుంచి ఆ పిల్ల అడిగింది.

నేను వెనక్కి తిరగలేదు. "ఇంకోటి వెయ్యుండ్రి," అన్నాను.