గంగారాం అడిగిన బాప్తిస్మం

ఎల్లారెడ్డి పాస్టరేట్‌లో అది నాకు రెండో ఏడు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల వారంలోని మంగళవారం నాడు, కామారెడ్డి సర్కారు దవాఖానలో చావుకు దగ్గరపడిన ఒక మనిషి నన్ను బాప్తిస్మం అడిగాడు. నేను ఇవ్వలేదు. ఇవ్వకూడదనే నియమం అడ్డు రాలేదు. ఇవ్వవచ్చనే నియమమే ఉంది, అది నాకు కంఠతా వచ్చు. ముప్పై నాలుగేళ్ల సేవలో నేను చేసిన పొరపాట్లు చాలా ఉన్నాయి. దీన్ని మాత్రం పొరపాటు అనలేను. తెలిసి చేశాను.

పాస్టరు కొలువు గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఆదివారం ప్రసంగం చెప్పి మిగతా ఆరు రోజులు ఊరుకుంటాడనుకుంటారు. మాకూ హోదాలున్నాయి. మొదట ఉపదేశి, తర్వాత డీకన్, ఆ పైన ప్రెస్బిటర్, అంటే పూర్తి పాస్టరు. బాప్తిస్మం ఇవ్వడం, ప్రభు బల్ల జరిపించడం మామూలుగా ప్రెస్బిటర్ పని. మే నెల వచ్చిందంటే బదిలీలు. కామారెడ్డి జిల్లా అయిన మరుసటి వేసవిలో నన్ను పిట్లం నుంచి ఎల్లారెడ్డికి వేశారు. పాస్టరేట్ అంటే ఒక పెద్ద చర్చి, దాని కింద కొన్ని ఊళ్ల సంఘాలు. నాగిరెడ్డిపేట వైపు ఊళ్లతో కలిపి నా కింద తొమ్మిది సంఘాలు ఉండేవి. చర్చి బీరువాలో మూడు రిజిస్టర్లు: బాప్తిస్మాలవి, పెళ్లిళ్లవి, సమాధులవి. మొదటిదాంట్లో పేరు లేనివాడి పేరు మూడోదాంట్లో ఎక్కదు.

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిల్లో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన జరుగుతుంది. సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఎవరికి ఏ మాటో నెల ముందే పంచుతారు. నేను ఎక్కడ పనిచేసినా నాకు ఇచ్చేది రెండో మాట. పక్క సిలువ మీది దొంగ నన్ను మరిచిపోవద్దని వేడుకుంటే, ఈ రోజే నువ్వు నాతో పరదైసులో ఉంటావని ఆయన ఇచ్చిన మాట అది. 'చేతులకు మేకులు కొట్టి ఉన్నాయి, ఆ దొంగ ఏ పుణ్యం చేయగలడు? కాళ్లు కదలవు, ఏ గుడికి నడవగలడు? నమ్మాడు, అంతే' అని నేను అంటుంటే చంటిపిల్లల తల్లులు కూడా కదలకుండా వినేవాళ్లు. కొన్ని ఏళ్లు కామారెడ్డి చర్చివాళ్లు దాని కోసమే నన్ను పిలిపించుకునేవాళ్లు. ఎల్లారెడ్డిలో పిల్లల బైబిలు క్లాసులోనూ అదే పాఠం. మంచి పనులు చేసి రక్షణ సంపాదిస్తామా అని నేను అడిగితే వాళ్లు "కా...దు" అని అరిచేవాళ్లు. మరి ఎట్లా అంటే, "నమ్మితే!" ఆ కేక రోడ్డు దాకా పోయేది.

ఆ రోడ్డు అవతల కల్వర్టు గోడ మీద గంగారాం కూర్చునేవాడు. రైస్ మిల్లులో హమాలీ. అతని భార్య రూతమ్మ మా సంఘస్థురాలు, ఇంట్లో బీడీలు చుట్టేది. ఆదివారం ఆమె లోపల, అతను బయట కల్లు తాగి, చర్చి మీది మైకు వినిపించే చోట. ఒకసారి నా ప్రసంగం కొంచెం సాగింది. కల్వర్టు మీద నుంచి కేక: "అయ్యగారూ, ఇంట్ల కూర సల్లారిపోతున్నది, జెల్ది ఆమెన్ అను!" చర్చంతా నవ్వింది. రూతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నేను నవ్వలేదు.

నేను వెళ్లిన ఏడాది వానాకాలంలో అతను తాగి ఆమె ఎడమ చెయ్యి విరగ్గొట్టాడు. కామారెడ్డి తీసుకుపోయి కట్టు కట్టించింది నేనే. రెండు నెలలు బీడీ చుట్టలేకపోయింది. ఆ తర్వాత అతను ఒకనాడు చర్చి గేటు దగ్గర నిలబడి తప్పయిందన్నాడు. ముందు మనిషివి అవ్వమని చెప్పి గేటు వేసుకున్నాను. అతని మీద నాకున్న కోపం న్యాయమైనదే. అక్కడే నేను మోసపోయాను. న్యాయమైన కోపాన్ని ఎవరూ తప్పు పట్టరు, మనమూ పట్టుకోము.

ఆ మంగళవారం రూతమ్మ ఫోను చేస్తే బస్సెక్కి కామారెడ్డి వెళ్లాను. మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం. కళ్లు పచ్చగా, పొట్ట ఉబ్బి, కాళ్లు పుల్లల్లా ఉన్నాడు. నోరు మాత్రం అదే.

"వచ్చినవా అయ్యా. బాప్తిస్మం ఇయ్యి," అన్నాడు, మంచినీళ్లు అడిగినట్టు.

నేను పద్ధతి వివరించాను. దరఖాస్తు ఫారం ఉంటుంది. ఆరు వారాలు క్లాసుకు రావాలి. ఫారంలో నడవడిక అని ఒక గడి ఉంటుంది, దాని కింద ఇద్దరు సంఘ పెద్దలు సంతకం చేయాలి. ఎల్లారెడ్డికి వచ్చాక చూద్దామన్నాను. అన్నేళ్లు ఆ ఫారాలు నింపించాను గాని, అందులో విశ్వాసానికి గడి లేదన్న సంగతి నాకు ఆ రోజు దాకా తట్టలేదు.

గంగారాం నవ్వబోతే దగ్గు వచ్చింది. "ఆరు వారాలా? ఆరు దినాలు గూడ కష్టమే అన్నడు డాక్టరు. అయ్యా, ఆ దొంగకు ఎన్ని వారాలు క్లాసు వెట్టిండు ఏసు? పోయిన గుడ్ ఫ్రైడే నువ్వే చెప్తివి గదా మైకుల. నేను కల్వర్టు మీద కూసోని అంత ఇన్న."

దొంగ తన తప్పు ఒప్పుకున్నాడని, నువ్వు కట్టుకున్నదాని చెయ్యి విరగ్గొట్టినవాడివని అన్నాను. పక్క మంచాలవాళ్లు తిరిగి చూశారు. గంగారాం ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "నిజమే. ఇరగ్గొట్టిన," అన్నాడు. అంతకన్నా ఒప్పుకోలు ఏముంటుంది? నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

రూతమ్మ లేచి నిలబడింది. "చెయ్యి నాది గదా అయ్యా. నేనే అడుగుతున్న, ఇయ్యి."

మంచం పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసులో నీళ్లున్నాయి. మా ఆరాధన క్రమంలో ఒక నియమం ఉంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషి అడిగితే ఫారం, క్లాసు, సంతకాలు ఏవీ అక్కర్లేదు. పాస్టరు కూడా అక్కర్లేదు. బాప్తిస్మం పొందిన విశ్వాసి ఎవరైనా సరే, తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర మూడుసార్లు నీళ్లు పోస్తే చాలు. రూతమ్మకు ఆ మాట చెప్పి ఉంటే, నేను బస్టాండు చేరకముందే ఆ గ్లాసుతో పని అయిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే చెప్పలేదు.

ఎందుకు అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. సంఘ కార్యదర్శి ప్రకాశం సారు ఏమంటాడో అన్న భయం కొంత. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, నియమాల మనిషి. కాని అసలు కారణం అది కాదు. నేను తాగలేదు, ఎవరినీ కొట్టలేదు. తొమ్మిది ఊళ్లు ఎండలో బండి మీద తిరిగాను. ఇన్నేళ్ల నా నడవడికకు దక్కేదే వీడికి ఒక్క గ్లాసు నీళ్లతో దక్కుతుందా అన్న కుళ్లు. ప్రతి గుడ్ ఫ్రైడేకు మంచి పనుల వల్ల కాదని చెప్పి, లోపల మాత్రం నా మంచి పనులనే నమ్ముకున్నాను.

స్వస్థత కోసం ప్రార్థన చేసి లేచాను. గంగారాం కిటికీ వైపు నుంచి తిరగకుండానే అన్నాడు: "పో అయ్యా, బస్సు పోతది."

గురువారం పొద్దున చనిపోయాడు. సమాధుల తోటలో చోటివ్వమని రూతమ్మ తమ్ముడు వచ్చి అడిగాడు. ప్రకాశం సారు రిజిస్టరు తెరిచి చూపించాడు. "పేరు లేదు అయ్యగారూ. ఈయనకిస్తే రేపు ఇంకొకరు అడుగుతరు. అయినా మీ ఇష్టం." ఆ చివరి మాట ఆయన మర్యాదకు అన్నది కాదు. నిజంగానే నా ఇష్టం. పాస్టరు ఒప్పుకుంటే కమిటీ కాదనదు. మంగళవారం చేసిన పనిని నిలబెట్టుకోవాలంటే గురువారం కూడా అదే చేయాలి. నియమం నియమమేనన్నాను.

శుక్రవారం తెల్లవారగానే తోట గోడకు బయట, గోడకూ ఊరి మురుగు పారే మోరీకీ మధ్య ఉన్న సర్కారు జాగాలో పూడ్చారు. నేను ఆరాధన అంగీ వేసుకోకుండా మామూలు చొక్కాతో వెళ్లాను. బాప్తిస్మం లేనివారికి సమాధి క్రమం చదవరాదు గనక, కుటుంబానికి ఆదరణ కలగాలని రెండు మాటల ప్రార్థన చేశాను. మధ్యలో రూతమ్మ గొంతు వినిపించింది: "పేరన్న చెప్పు అయ్యా." విననట్టే ఆమెన్ అనేశాను.

ఆ మధ్యాహ్నమే కామారెడ్డిలో రెండో మాట మీద ప్రసంగించాను. ఆపలేదు, తడబడలేదు. మేకులు కొట్టిన చేతులన్నాను, నడవలేని కాళ్లన్నాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నా చేతులు పట్టుకుని, ఈసారి మీ కళ్లల్లో నీళ్లు చూశామన్నాడు. అది చెమట.

ఈస్టరు తర్వాత ఎక్కువ రోజులు ఆగలేకపోయాను. రూతమ్మ ఇంటికి పోయి ఆ నియమం సంగతి చెప్పాను. అప్పుడు ఆమె చేతిలో కత్తెర ఉంది, తునికాకు కత్తిరిస్తోంది. కత్తెర ఆగింది.

"బుధారం నాడు అడిగిండు," అంది. "అయ్యగారు ఇయ్యకపాయె, నువ్వన్న పొయ్యరాదే అని. నాకు రాదంటిని. పాపం తగులుతదేమో అని భయపడితిని." కత్తెర పక్కన పెట్టి, "గా ముచ్చట ఆనాడు చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా?" అంది. ఆమె మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. నేను వెళ్లిపోతున్నా తలెత్తలేదు.

తర్వాతి ఆదివారం ఎల్లారెడ్డి చర్చిలో ప్రసంగం మానేసి, నేను చేసింది చేసినట్టు సంఘం ముందు చెప్పాను. ప్రకాశం సారు, "ఇవన్నీ మైకుల చెప్పేటివా అయ్యగారూ?" అన్నాడు. ఆయన బాధ ఆయనది. మే నెలలో నన్ను పెద్దకొడప్‌గల్ వైపు వేశారు. మామూలు బదిలీ అని కాగితం మీద ఉంది, నేనూ అట్లాగే అనుకున్నాను. అప్పటి నుంచి రెండో మాట తీసుకోలేదు. ఐదోది, ఏసు దప్పికవుతోందన్న మాట, అడిగి తీసుకునేవాణ్ని. దాని మీద ఐదు నిమిషాలకు మించి చెప్పలేకపోయేవాణ్ని.

రిటైరై కామారెడ్డిలో స్థిరపడ్డాక ఒక పని చేశాను. ఎల్లారెడ్డి సమాధుల తోటలో పాస్టర్లకు ముందు వరుసలో చోటు ఉంటుంది. నాకు ఆ వరుస వద్దని, నేను పోయాక గోడ బయట గంగారాం పక్కన పూడ్చమని కమిటీకి దరఖాస్తు రాశాను. ఇంత తగ్గించుకున్న పాస్టరు ఉండడనుకున్నాను. ఆ మాట రూతమ్మకు చెప్పి రావాలని ఎల్లారెడ్డి వెళ్లాను.

ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేకపోతోంది. అంతా విని, "ఆ జాగ నాది అయ్యా," అంది. "అటు దిక్కు మోరీ, ఇటు దిక్కు నేను. నువ్వేడ పండుకుంటవు, మోరీలనా?" నవ్వింది. చర్చిలో ఆ కూర మాటకు నవ్విన నవ్వే. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మరి నేను ఏం చేస్తే నన్ను క్షమిస్తావని అడిగాను.

ఆమె ఒక బీడీకి దారం కట్టి చాటలో వేసింది. "నేను ఇడిచిపెట్టి ఏండ్లాయె. నువ్వే నమ్ముతలెవ్వు. ఇంకేదో పని చేసి తీర్చుకుందామని తిరుగుతున్నవు. గిదేనా నువ్వు మైకుల చెప్పింది?"

ఆమె దయతో అనలేదు. విసుగ్గా అంది, పనికి అడ్డం వచ్చినవాడితో అన్నట్టు. నేను ముప్పై నాలుగేళ్లు బోధించినది నిజమే. దాన్ని మైకులో చెప్పింది నేను, నమ్మింది కల్వర్టు మీద కూర్చున్నవాడు. ఈ ఉద్యోగం నాకు నేర్పింది అదొక్కటే, అదీ ఉద్యోగం అయిపోయాక.

దరఖాస్తు వాపసు తీసుకున్నాను. ఇప్పుడు ప్రతి మంగళవారం, వార్డు నర్సును అడిగి, దవాఖానలో మగవాళ్ల వార్డుకు పోతాను. సంచిలో ఫారాలు ఉండవు, ఒక నీళ్ల సీసా ఉంటుంది. పిలిచినవాళ్ల దగ్గరికే పోతాను. మా విశ్వాసులెవరైనా మంచం పక్కన తోడు ఉంటే, పాస్టరు రాకపోయినా నీళ్లు ఎట్లా పోయాలో, ఏ మూడు పేర్లు చెప్పాలో ముందు వాళ్లకు నేర్పుతాను. రెండు నిమిషాల పని. దీనివల్ల నా పాత లెక్క తీరుతుందని అనుకోవడం మానేశాను. ప్రార్థనకు ముందు మంచం మీది మనిషి పేరు అడుగుతాను. ఆమెన్ అనేలోపు ఆ పేరు పైకి చెబుతాను.