అమ్మవారి సినిమా, ఆవిడ అరచెయ్యి

మా హాల్లో అమ్మవారి సినిమా ఆడుతున్నప్పుడు ఒకావిడ ఒంటిమీదికి అమ్మవారే దిగివచ్చిందని, అరచేతిలో కర్పూరం వెలిగించినా చెయ్యి కాలలేదని రాజోలులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ హాలు మేనేజర్ని నేనే. కర్పూరం వెలిగించింది కూడా నేనే. చెయ్యి కాలింది.

ఆ సినిమా మీద మాకెవరికీ ఆశ లేదు. పెద్ద హీరో లేడు, డాన్సులు లేవు. వారం ఆడితే చాలనుకున్నాం. మొదటిరోజు మార్నింగ్ షోకి రొయ్యల షెడ్డు ఆడవాళ్ళు కొందరు వచ్చారు. రొయ్య తల తీసి పొట్టు ఒలిచే పని వాళ్ళది. ఆ రోజు షెడ్డుకి సరుకు రాలేదు. ఇంటర్వెల్ తర్వాత అమ్మవారు త్రిశూలం ఎత్తే సీనులో వాళ్ళలో ఒకావిడ జుట్టు విరబోసుకుని తెరదాకా పరిగెత్తి ఊగిపోయింది. అది నిజం పూనకమే. దాన్ని నేను ఎప్పుడూ అనుమానించలేదు. ఎవరో సెల్‌ఫోన్లో తీసి అందరికీ పంపారు. సాయంత్రానికి గేటు ముందు ఆటోలు నిలబెట్టడానికి చోటు లేదు.

మర్నాడు తెరకి వేపమండలు కట్టాం, పసుపునీళ్ళు చల్లాం. ఫైట్ల సినిమాకి తప్ప రాని కుర్రాళ్ళు కూడా చెప్పులు గేటు దగ్గర విడిచి లోపలికి వచ్చారు. వాళ్ళు చూడ్డానికి వచ్చింది తెరని కాదు. "ఏరండీ అమ్మవారు?" అని నన్ను నిలదీశారు.

ఆవిడ ఇంటికి వెళ్ళాను.

"రోజూ రావాలమ్మా," అన్నాను.

"నేను పిలిస్తే అమ్మవారు వచ్చేస్తారేంటండీ?" అని నవ్వింది.

"అమ్మవారు రాకపోయినా పర్లేదు. నువ్వు రా."

నవ్వు ఆపేసింది. తప్పు కదండీ అంది. షెడ్డులో పని సరిగ్గా దొరకని రోజులవి. హాలు తుడిచే పని పర్మనెంటుగా ఇప్పిస్తానన్నాను. "ఆయ్," అంది, కిందికి చూస్తూ.

పూనకం లేకుండా ఊగడం ఆవిడకి రాదు. ఎక్కడ లేవాలో, ఏ డప్పుకి జుట్టు విప్పాలో నేనే నేర్పాను. హౌస్‌ఫుల్ బోర్డు దించే పనే లేకపోయింది.

ఒక ఆదివారం మాట్నీలో ఒక కుర్రాడు అరిచాడు. "అమ్మోరికి రోజూ ఇంటర్వెల్ అయ్యాకే తీరుబడి దొరుకుద్దేంట్రా!"

హాలంతా గొల్లుమంది. ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. "నవ్వకండెహే. మా ఊరి జాతరలో అరచేతిలో కర్పూరం పెట్టి చూస్తాం. అమ్మోరైతే కాలదు. పెట్టండి మేనేజరుగారూ, తేలిపోద్ది."

ఆ సీనులో తెరకి ఇచ్చే హారతి పళ్ళెం నా చేతిలోనే ఉంది. ఇదంతా నేను చేయించానని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని చాపి, కర్పూరం పెట్టి వెలిగించాను.

"కాలిపోద్దండీ," అంది, డప్పుల మోతలో నాకు మాత్రమే వినపడేలా.

"సీను అయిపోవచ్చింది. చెయ్యి తియ్యకు," అన్నాను.

తియ్యలేదు. ఊగుతూనే ఉంది. జుట్టు ముఖం మీద పడి ఉండటంతో ఏడుపు ఎవరికీ కనపడలేదు. పెద్దాయన ఆవిడ కాళ్ళ మీద పడ్డారు. వెక్కిరించిన కుర్రాడూ పడ్డాడు. ఆవిడ పిడికిలి బిగించేసింది. పక్క గుమ్మంలోంచి నేనే బయటికి తీసుకుపోయాను. సాయంత్రం ఆటకి జనం ఇంకా పెరిగారు.

పుండు మానేసరికి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. చీపురు పట్టలేని మనిషిని ఎలా పెట్టుకుంటామన్నారు హాలు ఓనరుగారు. నేను తలూపాను. షెడ్డువాళ్ళయితే దండం పెట్టి మరీ వెనక్కి పంపేశారు. "అమ్మోరు దిగిన చేత్తో రొయ్యలు ఒలిపిస్తే మాకు పాపం తల్లీ!"

ఇప్పుడు ఆ సినిమా రెండో భాగం వస్తోంది. ఆవిడని మాట్లాడి రమ్మన్నారు ఓనరుగారు. వద్దని చెప్పడానికి వెళ్ళానని రాస్తే బాగుంటుంది. కాదు, పిలవడానికే వెళ్ళాను.

గుమ్మంలో కూచుని ఎడంచేత్తో అన్నం తింటోంది. నేను నోరు తెరవకముందే లేచి, ఆ చెయ్యి కొంగుకి తుడుచుకుని నా ముందుకి చాపింది.

"ఈసారి దీన్లో పెట్టండి. ఎడంచెయ్యని అమ్మోరికి కోపం రాదు కదండీ?"

గుమ్మం ఎక్కకుండానే తిరిగి వచ్చేశాను. దారిలో ఓనరుగారి ఫోను. "ఒప్పుకుందా?"

"ఒప్పుకుందండీ. నేనే మానేస్తున్నాను, వేరే మేనేజర్ని చూసుకోండి."

ఆయన ఎందుకని కూడా అడగలేదు. ఆవిడ ఇల్లెక్కడో చెప్పమన్నారు. నేను చెప్పలేదు. రాజోలులో ఎవర్నడిగినా చూపిస్తారు.