తెల్ల గుంజల దగ్గర కిరాణి

మలేషియాలో సుంగై పెటాని ఊరికి అవతల, ఒకప్పటి రబ్బరు తోట సగం ఫ్యాక్టరీలుగానూ సగం పామాయిల్ మొక్కలుగానూ మారిపోయిన చోట, లయం అని పిలిచే వరస ఇళ్ళలో చివరిది దేవుడమ్మది. నలభై కుటుంబాలు బతికిన వరసలో ఆ ఒక్క ఇంట్లోనే ఇంకా పొయ్యి వెలుగుతోంది. అదీ నెలాఖరు వరకే. ఆ తరవాత బుల్డోజరు వస్తుంది. టౌన్లో మనవరాలు మోహనప్రియ ఫ్లాట్‌లో, ఏడో అంతస్తులో, ఆమెకో గది సిద్ధంగా ఉంది. ఆ ఫ్లాట్లకి పాత తోట పేరే పెట్టారు. తోటని పీకేసినవాళ్ళకి దాని పేరు మీద మాత్రం ఎక్కడలేని ప్రేమ.

గది ఆమెకే, కుక్కకి లేదు. లిఫ్టు పక్కన గోడ మీద కుక్క బొమ్మ వేసి, అడ్డంగా ఎర్ర గీత కొట్టారు. చదువు రాని దేవుడమ్మ కూడా దాన్ని ఒక్క చూపులో చదివేసింది.

కుక్క పేరు కిరాణి. తోటల్లో కిరాణి అంటే గుమాస్తా. తెల్లారకముందే పెరట్టులో, అంటే కూలీల హాజరులో, పేర్లు పిలిచి రానివాడి రోజు కొట్టేసేది అతనే. దేవుడమ్మ మొగుడు అచ్చయ్య రబ్బరు పాలు తీస్తూ, మిగిలిన పొద్దు మేకలు కాసుకునేవాడు. అతని మొదటి కుక్క సాయంత్రం దొడ్డి గుమ్మంలో కూచుని ఒక్కో మేకనీ ముక్కుతో తాకి లోపలికి పంపేది. ఒక మేక తగ్గినా అక్కణ్ణుంచి లేచేది కాదు. "నీకు కిరాణి ఉజ్జోగం ఇచ్చినాను, పోరా" అన్నాడు అచ్చయ్య. ఈ సంగతి చెవిన పడ్డ అసలు కిరాణి నెల రోజులపాటు పెరట్టులో అచ్చయ్య పేరు అందరికన్నా ఆఖర్న పిలిచాడు. ఆ కిరాణి పోయాడు, దొర పోయాడు, తోట పోయింది. పేరు మాత్రం కుక్కల్లో నిలిచింది. ఇప్పటిది నాలుగో కిరాణి. ఎనిమిదేళ్ళది. అచ్చయ్య చేతి మీద తయారైన ఆఖరిది.

ఆ తయారీ వెనక ఒక కథ ఉంది. లేత రబ్బరు మొక్కలున్న చోట దొర సున్నం కొట్టిన తెల్ల గుంజలు పాతించేవాడు. గుంజ దాటిన మేక ఇక ఇంటికి రాదని అందరికీ చెప్పించాడు. ఒక దీపావళికి ముందు అచ్చయ్య మేకలు మూడు దాటాయి. కావలివాడు మూడింటినీ కాల్చేశాడు. అచ్చయ్య ఏడవలేదు, తిట్టలేదు. మర్నాడు పనినుంచి రాగానే ఇంటి వెనక రెండు గుంజలు పాతి సున్నం కొట్టాడు. పెళ్ళాం వీపు మీద గోనెసంచి కప్పాడు.

"ఇప్పుడు నువ్వు మేకవి."

"మేకకి కూలి ఎవుడిస్తాడు?" అంది దేవుడమ్మ చేతుల మీదా మోకాళ్ళ మీదా వంగుతూ.

"మేక మాటాడదు. నడు."

ఆమె గుంజల వైపు పాకేది. కుక్క ఎదురొచ్చి రొమ్ముతో వెనక్కి తోస్తే, అచ్చయ్య రబ్బరు చెట్లు గీసే కత్తితో, పాలు పట్టే పింగాణీ కప్పు అంచు మీద టింగుమని కొట్టేవాడు. అదే దానికి మెప్పు, అదే పిలుపు. లయం ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి, ఈ మేక పాలు పూటకి ఎన్ని గిద్దెలిస్తుందని అడిగేవాళ్ళు. నెల తిరిగేసరికి దేవుడమ్మ మోకాళ్ళు దోక్కుపోయాయి, కుక్కకి గీత తెలిసింది. గుంజ నిలబడి ఉన్నంత కాలం అది దాటదు, దాటనివ్వదు. మొక్కలు ఎదిగి చెట్లయ్యాక అచ్చయ్య గుంజ పీకి, గడ్డిలో పడుకోబెట్టి, "అయిపోనాది" అనేవాడు. అప్పుడు దాటేది. ఆ తరవాతి ముగ్గురు కిరాణీలకీ పాఠం అదే, మేకా ఆవిడే. ఆఖరిసారి ఆమెకి అరవై మూడేళ్ళు.

ఆరేళ్ళ కిందట అచ్చయ్య పోయాడు. మేకల్ని అమ్మేశారు. కిరాణి లయంలో మిగిలిన కోళ్ళకి రోజూ పెరట్టు పెట్టేది.

పామాయిల్ చెట్ల కింద గొర్రెలు మేపే పాట్రిక్ అనే ఆయన, గొర్రెలు తోలే కుక్కలకి పోటీ పెడుతున్నాడని మోహనప్రియ ఫోన్లో చూసింది. ఆయన పెద్దవాళ్ళూ ఒకప్పుడు ఈ తోటలోనే కూలి చేశారు. కిరాణిని మందలో ఉంచుకుంటారా అని అడిగింది. ముందు దాని పని చూడనీ, మొదటి మూడింటిలో వస్తే ఉంచుకుంటానన్నాడాయన.

"పేరు ఇచ్చేసినాను లా, అమ్మమ్మా. జాతి ఏటి అని అడిగినారు," అంది, మాట చివర మలేషియావాళ్ళ 'లా' తగిలిస్తూ.

"ఏటి సెప్పినావు?"

"ఎస్టేట్ డాగ్ అని."

"బాగా సెప్పినావు. మనదీ అదే జాతి."

ఆదివారం పొద్దున్నే మోహనప్రియ కారు వెనక సీట్లో కిరాణిని పడుకోబెట్టుకుని వెళ్ళారు. కారు గేటు లోపలికి పోయి షెడ్డు పక్కన ఆగింది. పాట్రిక్ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. దేవుడమ్మ చూపు ఆయన వెనక, మొవ్వులు లేని చిన్న పామాయిల్ మొక్కల మీద పడింది.

"గొర్రెలు మేసేసినట్టున్నాయి గదా, బావు?"

"అడగొద్దు, పెద్దమ్మా. మూడు వరసలు పోయినాయి. కంచె ఏసినా దూరిపోతన్నాయి."

క్లాంగ్ నుంచి తివాకర్ అనే కుర్రాడు బోర్డర్ కోలీ అనే గొర్రెలు తోలే జాతి కుక్కని తెచ్చాడు. దాని బొచ్చు దువ్వి ఉంది, అతని మెడలో విజిల్ వేలాడుతోంది. అతను కిరాణి చిరిగిన చెవిని చూసి నవ్వాడు. "పాట్టీ," అన్నాడు తమిళంలో అవ్వని పిలిచినట్టు, "ఇది కోళ్ళని తోలే కుక్కంట గదా?"

"కోళ్ళనీ తోలతాది. అడ్డమొస్తే మనుసుల్నీ తోలతాది. కొంచెం పక్కకి నిలబడు బావు."

పోటీ సులువుగానే ఉంది. మైదానం పైకొసన ఐదు గొర్రెలుంటాయి. కింద ముగ్గుతో గీసిన గుండ్రంలో మనిషి నిలబడాలి. కుక్క చుట్టూ తిరిగి వెళ్ళి గొర్రెల్ని తెచ్చి, మధ్యలో ఉన్న రెండు గుంజల సందులోంచి నడిపించి, దొడ్లో పెట్టాలి. టైము పది నిమిషాలు. మనిషి గుండ్రం దాటి బయటికొస్తే ఆట అయిపోయినట్టే. తివాకర్ కుక్క ఏడు నిమిషాల్లో ముగించింది.

దేవుడమ్మ గుండ్రంలో నిలబడి, కొంగులోంచి అచ్చయ్య కప్పూ కత్తీ తీసింది. "సుట్టు" అంది, అరవకుండా. కిరాణి కంచె వారగా, మొరగకుండా, పొట్ట నేలకి రాసుకుపోతుందేమో అన్నట్టు పరిగెత్తి గొర్రెల వెనక్కి చేరింది. చెదురుతున్న రెంటిని మొహం చూపించే కలిపేసింది. చూసేవాళ్ళ మాటలు ఆగిపోయాయి. నాలుగు నిమిషాలైనా కాకుండా ఐదూ ఒక ముద్దలా గుంజల ముందుకొచ్చాయి.

అక్కడ కిరాణి ఒక్క ఉరుకున గొర్రెల ముందుకి వచ్చి, అడ్డంగా పడుకుంది.

గుంజలకి తెల్ల రంగు వేసి ఉంది.

దేవుడమ్మ పొద్దుట్నుంచీ వాటిని చూస్తూనే ఉంది, చూసి కూడా పోల్చుకోలేదు. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడు తనే మర్చిపోయింది. ఒక గొర్రె ముందుకి అడుగేస్తే కిరాణి లేచి రొమ్ముతో వెనక్కి తోసింది. జనం నవ్వారు. అది దేవుడమ్మ వైపు చూసింది, కప్పు మోగుతుందని.

"తే" అందామె. కిరాణి ముందు కాలు ఎత్తి మళ్ళీ దించింది. ఇంకో రెండుసార్లు గట్టిగా అంటే తెస్తుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెస్తే బహుమతి, బహుమతి వస్తే దానికి చోటు. కానీ ఆ చోటుకి ఎలాంటి కిరాణి వెళ్తుంది? మొగుడు ఒక్కో సాయంత్రం దాని వంట్లో పాతిన గుంజని ఇవాళ తన నోటితో తనే పీకేయాలి. మూడు మేకల కోసం అన్నం మానేసి కూచున్న అచ్చయ్య మొహం కళ్ళ ముందు కదిలింది.

"అమ్మమ్మా, గట్టిగా పిలు" అని మోహనప్రియ కంచె మీదినుంచి కేకేసింది.

దేవుడమ్మ ముగ్గు దాటి బయటికి నడిచింది. "ఔట్" అని ఎవరో మైకులో చెప్పారు. ఆమె వినిపించుకోలేదు. గుంజ దగ్గరికి పోయి, రెండు చేతులా ఊపి పీకి, గడ్డిలో పడుకోబెట్టింది.

"అయిపోనాది రా."

కిరాణి లేచి గొర్రెల వెనక్కి వెళ్ళింది. ఐదింటినీ ఆ సందులోంచే నడిపించి దొడ్లో పెట్టి, గుమ్మంలో కూచుని ఒక్కోదాన్నీ ముక్కుతో తాకింది. ఆమె కప్పు మీద కొట్టింది. వాళ్ళకి ఒక్క మార్కు రాలేదు.

బహుమతులు పంచడం అయ్యాక పాట్రిక్ ఆమె పక్కన బెంచీ మీద కూచున్నాడు. "ఎందుకు ఆగిపోయినాడు, పెద్దమ్మా?"

ఆమె చెప్పింది. మేక వేషం సంగతి కూడా దాచలేదు. పాట్రిక్ నవ్వలేదు. మొవ్వులు లేని మొక్కల వైపు చాలాసేపు చూశాడు.

"అయితే నాను అక్కడ తెల్ల గుంజలు పాతితే?"

"నువ్వు పాతు. ఆడు నిలబడతాడు."

"బహుమతి మాట ఒగ్గేద్దాం. ఆడిని నాకిచ్చీ."

దీనికోసమే వచ్చింది కదా. అయినా దేవుడమ్మ కప్పుని కొంగుతో రెండుసార్లు తుడిచింది. ఆ తరవాత కప్పూ కత్తీ ఆయన చేతిలో పెట్టింది. "ఇది ఇంటే వస్తాడు. మాంసం ఎయ్యకు, అన్నం పెట్టు."

కార్ల రద్దీకి మోహనప్రియ కారు ముందే గేటు బయట పెట్టింది. దేవుడమ్మ అటు నడిచింది. కిరాణి ఆమె మడమల వెంటే వచ్చి, గేటు దగ్గర టక్కున ఆగి కూచుంది. గేటు స్తంభాలు తెల్లనివి, సిమెంటువి. పీకి పడుకోబెట్టడానికి వీల్లేనివి. ఆమె దాటింది. అది ఆమె చేతుల్నే చూస్తోంది.

"ఒక్కసారి పిలు, అమ్మమ్మా. పాపం లా."

"పిలవను. పిలిస్తే వచ్చేస్తాడు."

షెడ్డు వైపునుంచి కప్పు చప్పుడు వినిపించింది. పాట్రిక్‌కి కొట్టడం చేతకాలేదు, మొద్దుగా ఉంది. కిరాణి ఒక చెవి అటు తిప్పింది, రెండోది ఇటే ఉంచింది.

"అలా గాదు బావు," అంది దేవుడమ్మ తనలో తనే, కారు తలుపు పట్టుకుని. "అంచు మీద కొట్టాల."

రెండోసారి టింగుమంది. కిరాణి లేచి, వెనక్కి తిరిగింది.