బీడీ పొగలో కడుపుతో

నా కూతురు కడుపులో ఉన్నప్పుడు మేం బంగారు గనుల ఊరు ఊరిగాంలో, గని కంపెనీ ఎప్పుడో కట్టిన లైన్ ఇంట్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒకే కిటికీ, అదీ మా మామ మంచం పక్కన. ఆయన గనిలో పనిచేసి, గని మూతపడ్డాక ఇంటిపట్టున ఉన్న మనిషి. కాఫీకి ముందు ఒక బీడీ, తర్వాత ఒకటి, పేపరు తిప్పుతూ ఇంకొకటి. మా అత్త బీడీ ముట్టదు గానీ ఆకువక్కలో కడ్డిపుడి, అంటే పొగాకు పొడి, వేసుకోనిదే ఆమెకు నోట మాట రాదు. నా భర్త మాలూరు ఫ్యాక్టరీకి రైల్లో పోయి వచ్చేవాడు. ఇంట్లో సిగరెట్టు తాగనని ఆయనకు గొప్ప. రైలు మారే బంగారుపేట ప్లాట్‌ఫారం మీద తాగి, ఆ చొక్కాతోనే వచ్చి నా పక్కన కూర్చునేవాడు.

మొదటి నెలల్లో వాంతులు ఆగేవి కావు. మామ బీడీ వెలిగిస్తే చాలు, పెరట్లోకి పరుగెత్తేదాన్ని. నా అవస్థ చూసి అత్తకు జాలేసింది. ఒక ఆకుకు సున్నం రాసి, కడ్డిపుడి పెట్టి, మడిచి నా చేతికిచ్చింది.

"నమిలి ఊసేయమ్మా. వాంతి అట్లే నిలిచిపోతుంది."

"పొగాకు వద్దత్తా. బిడ్డకు మంచిది కాదంట."

"ఎవురు చెప్పినారు? నలుగురు బిడ్డల తల్లిని నేను. అందరప్పుడూ వేసుకున్నాను. ఒక్కరికన్నా కాలొంకర ఉండాదా, చూపించు."

ఆ నలుగురిలో ఒకరు నా మొగుడే. కాళ్ళు బాగానే ఉన్నాయి. ఆకును మాత్రం ఆమె చేతిలోనే తిరిగి పెట్టాను.

మామతో ఇంకో రకం తంటా. బీడీ కాస్త బయట తాగమని అడిగితే, "బయట యాడమ్మా మంచి గాలి? గని మట్టి పోసిన సైనైడ్ గుట్ట దుమ్మంతా మన ఇంట్లోకే కదా వచ్చేది. దాన్ని తిని బతికినోళ్ళం. నీ కంటికి నా బీడీ ఒకటే కనపడతా ఉండాదా?" అన్నాడు. దుమ్ము ఉందని పొగ మంచిదవుతుందా అంటే నవ్వాడు. రెండు రోజులు వాకిట్లో తాగాడు. మూడోనాడు చలి అని లోపలికొచ్చి, కిటికీ వైపు మొహం పెట్టి తాగాడు. పొగకు ఆ దారి తెలుసనుకున్నాడు కాబోలు.

పక్కింటి అక్క సాయంత్రాలు చర్చికి పోయేటప్పుడు నన్నూ రమ్మనేది. మా దేవుడు వేరు. కానీ ఆ ఆవరణలో బెంచీ ఉంది, గాలి ఉంది. ఆమె లోపల ప్రార్థన చేసుకుంటుంటే నేను బయట కూర్చుని ఊపిరి పీల్చుకునేదాన్ని. వారం తిరక్కముందే లైనంతా మాట పుట్టింది, ఆ ఇంటి కోడలు మతం మారతా ఉందని.

"ఏమి, చర్చికి పోతా ఉండావంట?" అన్నాడు నా భర్త.

"పొగ లేని చోటు అదొక్కటే దొరికింది."

"ఊరికే గలాటా చేయొద్దు," అని తలుపు దగ్గర చెప్పులు విడిచాడు. చొక్కా విడవలేదు.

ఏడో నెలలో అత్తను తోడు తీసుకుని బంగారుపేటలో స్కానింగుకు వెళ్ళాను. బిడ్డ నెలలకు తగ్గట్టు పెరగలేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని అడిగింది. చెప్పాను. నేను పీల్చిన పొగ నా రక్తంలో కలిసి బిడ్డ దాకా పోతుందని, బిడ్డకు అందాల్సిన ప్రాణవాయువు తగ్గుతుందని, కొందరు ముందుగా పుడతారని, కొందరికి ఊపిరితిత్తులు బలహీనంగా ఉంటాయని, చదువులో నిదానమయ్యేవాళ్ళూ ఉంటారని ఓపిగ్గా వివరించింది. కడ్డిపుడి సంగతి కూడా అంతేనంది.

అత్త ఊరుకోలేదు. "నా బిడ్డలు నలుగురూ రాయి మాదిరి ఉండారమ్మా."

"మొత్తం కాన్పులెన్ని?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఆరు," అంది అత్త. "ఇద్దరు నిలవలే. ఒకటి పిడికెడంతే పుట్టింది. చూపించకుండానే తీసుకపోయినారు."

పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అది పొగాకు వల్లేనని ఇప్పుడు చెప్పలేనంది డాక్టరమ్మ, కాదనీ చెప్పలేనంది. బస్సులో అత్త నా పక్కన ఆకు వేసుకోకుండా కూర్చుంది. ఆమె మీద కోపం పెట్టుకోవాలనుంది, అదీ కుదర్లేదు.

ఇంటికి రాగానే అత్త, మామ తలగడ కింది బీడీకట్ట తీసి ప్రహరీ గోడమీద పెట్టింది. "ఇంగ లోపల తాగితే నీకు అన్నం కూడా ఆడే," అంది. తను మాత్రం కడ్డిపుడి మానలేదు, పెరట్లోకి పోయి వేసుకునేది. నా భర్త బ్యాగులో ఇంకో చొక్కా పెట్టుకుని వాకిట్లో మార్చుకోవడం మొదలుపెట్టాడు. సిగరెట్టు మానడం కంటే చొక్కా మార్చడం సులువు మరి.

ఇదంతా ఆలస్యంగా జరిగింది. పిల్ల నెలలు నిండకముందే పుట్టింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. బతికింది, ఇంటికొచ్చింది, ఇప్పుడు బడికి పోతోంది. చలికాలం వస్తే పిల్లికూతలు, పీల్చే మందు. లెక్కలు చెప్తుంటే చూపు ఎటో పోతుందని టీచరు ఫిర్యాదు. పొగ వల్లేనా అని డాక్టర్నడిగితే, ఒక్క పిల్లను చూసి ఖాయంగా చెప్పలేమంటారు. ఎవర్నీ గట్టిగా తిట్టడానికి లేదు, వదిలేయడానికీ లేదు.

"మీ అమ్మ వైపు ఎవురికో ఆయాసం ఉండె కదా?" అంటాడు నా భర్త. మా అమ్మ ఇప్పటికీ కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఆగకుండా గుట్ట దిగుతుంది.

మొన్న పిల్ల బడి నుంచి వచ్చి నేరుగా వాకిట్లో కూర్చున్న తాత ఒళ్ళోకి ఎక్కింది. ఆయన చేతిలో సగం బీడీ. నేను వంటింట్లోంచి పిలిచేలోపే బీడీని పారేసి, పొగను చేత్తో అటూ ఇటూ విసిరాడు.

"బయటే కదమ్మా తాగినాను," అన్నాడు.

పిల్ల దగ్గింది. దించండి మామా, ముందు చేతులు కడుక్కోండి అన్నాను. దించాడు. కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోతూ, డాక్టర్ల మాటలు విని కోడలు చెడిపోయిందని పక్కింటి అక్కకు వినబడేలా చెప్పాడు.